నా చేతి మీద పైడమ్మ గుండె

నమోదు 1. సముద్రం కుదురు

వచ్చే ఏడు పైడమ్మ గుండె ఎవరి చేతికి వస్తుందో నాకు తెలియదు. ఎవరికి వచ్చినా వాళ్ళకి ముందుగా నా సానుభూతి. ఈ చిట్టా మీ కోసమే. ఒక గుండెను ఏడాదిపాటు కాసినవాళ్ళు దాని మంచీ చెడూ చెప్పి తర్వాతివాళ్ళకి అప్పగించడం మా తేలుదిబ్బ ఆనవాయితీ. నేను చెప్పుకుంటూ పోతాను, చేతికున్న కడియం విని రాసుకుంటూ పోతుంది. ముందు సముద్రం ఎలా ఉందో చెప్పి ఆ తర్వాత మన గోడు మొదలుపెట్టాలి. నీళ్ళ మీద తేలే ఊళ్ళో ఉండేవాళ్ళకి ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా.

నా పేరు సూరీడమ్మ. మూడో తెప్ప మీద టిఫిన్ హోటలు నాదే. మీరు తిన్న మంచి పెసరట్టు ఏదైనా ఉందంటే అది నాదే అయ్యుంటుంది. వంతెన దాటితే నాలుగో తెప్ప మీద ఇంకో హోటలుంది. అది పైడమ్మది. దాని గురించి నేను చెడు మాట అనను, మంచి మాట నాకు దొరకదు.

నిన్న జతల రోజు, ఎవరి గుండె ఎవరు కాయాలో తేల్చే రోజు. బిందెలో చీటీలు వేశారు. నా చీటీ విప్పేసరికి పైడమ్మ పేరు. ఊరంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వరా మరి! నాలుగేళ్ళ కిందటి దాకా మాది ఒకటే హోటలు, ఒకటే పొయ్యి. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళం. ఒక ఆదివారం పొద్దున్న జనం కిటకిటలాడుతుంటే, ఆవిడ నా సాంబారు అరచేతిలో వేసుకుని నాకి, "ఉప్పెక్కువైపోనాదే" అని అరిచింది. ఎక్కువైతే అవనీ, చెవిలో చెప్పొచ్చుగా? ఆ పూటే పొయ్యిలు వేరు, మాటలు బంద్.

చీటీ పడ్డాక తప్పదు. ఛాతీ మీద అంటించుకునే బిళ్ళ ఎవరి గుండె చప్పుడు వాళ్ళదే వింటుంది. కానీ విన్నది చెప్పేది దాని కడియంతో. ఆ కడియాన్ని జతగారి చేతికి తొడగాలి. మా అమ్మమ్మల కాలంలో ఎవరి చేతి గడియారం వాళ్ళ గుండె సంగతే చెప్పేదట. అది అరిస్తే నోరు నొక్కేసి అటు తిరిగి పడుకునేవాళ్ళట. ఎన్ని గుండెలు అలా పోయాయో. తన గుండె కోసం ఎవరూ మంచం దిగరు. అదే పక్కవాళ్ళ గుండె అరిస్తే కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరిగెడతారు. మన జాతి లక్షణం కనిపెట్టి పెద్దలు పెట్టిన పద్ధతి ఇది.

పళ్ళాల్లో కడియాలు పెట్టి "ఒకరికొకరు తొడగండమ్మా" అన్నారు. పైడమ్మ మొహం అటు తిప్పేసింది. నేనేమైనా తక్కువ తిన్నానా? నా పళ్ళెంలోది తీసి నేనే తొడుక్కున్నాను. ఆవిడ పళ్ళెంలోది ఆవిడే తొడుక్కుంది. పెద్దలు నెత్తి కొట్టుకుని అక్షింతలు చల్లేశారు.

నమోదు 2. చిన్న అలలు

వారమైంది. పైడమ్మ గుండె గురించి నేను అనుకున్నదంతా తప్పు. రాయి అనుకున్నాను, తీరా చూస్తే పిచ్చుక.

కడియం మణికట్టు మీద చిన్నగా తడుతూ ఉంటుంది, వేలితో తట్టినట్టు. మీద ఒక పూస. పచ్చగా ఉంటే క్షేమం, పసుపైతే కనిపెట్టి ఉండాలి, ఎర్రబడితే చేతిలో ఏది ఉన్నా వదిలేసి పరిగెత్తాలి. పెళ్ళికొడుకు తాళి కడుతున్నా సరే, వదిలేసి వెళ్ళాల్సిందే.

నేను గమనించినవి రాస్తున్నాను, పనికొస్తాయి. ఒకటి, నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆవిడ గుండె వేగం పెరుగుతోంది. తప్పు చేసినవాళ్ళకి అలాగే ఉంటుంది. రెండు, ఆవిడ నన్ను చూసి కాపీ కొడుతోంది. నేను పిండి డ్రమ్ము ఎత్తే వేళకే తనూ ఎత్తుతుంది, నేను పడుకునే వేళకే తనూ పడుకుంటుంది. నిన్న మధ్యాహ్నం నేను ఉల్లిపాయల బస్తా పైకి మోశాను. సరిగ్గా అదే సమయానికి ఆవిడ కూడా ఏదో మోసింది, దడదడదడ. ఇంత వయసొచ్చినా సొంత బుద్ధి లేదు.

నమోదు 3. ఎదురుగాలి

ఇవాళ పూస ఎర్రబడింది.

నేను కింది గదిలోంచి పిండి డ్రమ్ము పైకి తెస్తున్నాను. మా మెట్లను ఈ మధ్య ఎవరో ఎత్తు పెంచినట్టున్నారు, ఎక్కుతుంటే ప్రాణం పోతోంది. పంచాయతీకి చెప్పాలి. సగంలో ఉండగా కడియం తడబడింది. రెండు కొట్టి ఒకటి ఎగ్గొట్టింది, వెంటనే మూడు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొత్తగా డప్పు పట్టినవాడి దరువులా ఒక వరస లేదు. చూస్తే పూస ఎర్రగా ఉంది.

డ్రమ్ము అక్కడే వదిలేశాను. నాలుగేళ్ళుగా తొక్కని వంతెన మీద పరుగో పరుగు. పైడమ్మ తీరిగ్గా పీట మీద కూర్చుని మునగాకు దూస్తోంది.

"ఏటే, దారి తప్పావేటి?" అంది.

"నీ గుండె ఎర్రబడింది! ఎలాగుంది నీకు? ఆయాసమేటైనా ఉందా?"

"ఆయాసం నాకేటి, నీకుంది. కుక్కలాగ రొప్పుతున్నావు. ముందు కూకో."

మజ్జిగ ఇచ్చింది. వద్దనాలనుకున్నాను కానీ గ్లాసు అప్పటికే ఖాళీ అయిపోయింది. ఆవిడ పక్కన కాసేపు కూర్చున్నాను. ఇద్దరం మునగాకు దూశాం. మెల్లగా దరువు కుదుటపడింది, పూస పచ్చబడింది. నేను పక్కన ఉన్నాననే కదా! మనిషికి పొగరు ఉంటే ఉంది గానీ, ఆ గుండె మాత్రం నన్ను మరిచిపోలేదు. ఈ మాట చెబుతుంటే కళ్ళు చెమరుస్తున్నాయి. పొయ్యి పొగ.

నమోదు 4. సముద్రం కుదురు

ఎరుపు ఇంకో రెండుసార్లు వచ్చింది. ఇక ఊరుకుంటే లాభం లేదని పైడమ్మని నా చేతిలోకి తీసుకున్నాను.

వచ్చే ఏటి జతగారూ, బాగా వినండి. ఉప్పు తగ్గించాలి. ఈ మాట ఆవిడకి చెప్పగానే పీట మీంచి లేచి నిలబడింది.

"ఉప్పెక్కువని నువ్వు నాకు సెప్తన్నావా? నువ్వు?"

నాలుగో తెప్ప అంతా విరగబడి నవ్వింది. నవ్వితే నవ్వారు. అప్పడం బంద్, ఊరగాయ బంద్. ఆవిడ కూర నేనే వండి పంపుతున్నాను. నాకు రెండు రకాలు వండే ఓపిక లేదు కాబట్టి నేనూ అదే తింటున్నాను. పరమ చప్పన. ఇంత త్యాగం ఎవరు చేస్తారు?

సాయంత్రాలు నడక. ఆరు తెప్పలూ చుట్టి రావాలి. నడుస్తుంటే కడియం నూట ముప్పై కొట్టేస్తోంది.

"చూసావా వదినా నీ గుండె ఎలా కొట్టుకుంటోందో!" అన్నాను. నోటి వెంట వదినా అని ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆవిడ ఆగి నా మొహం చూసింది. ఆవిడకి చెమట కూడా పట్టలేదు, మనిషి మొండిఘటం, బాధ బయటపడనివ్వదు. వంతెన కమ్మీకి ఆనుకుని నిలబడ్డాం. నేను ఊపిరి తీసుకుంటుంటే ఆవిడ తన కడియం చూసుకుంటూ అంది:

"నీదెప్పుడూ అరవై రెండేనే. గోడ గడియారమే. కానీ నువ్వు నా గుమ్మం తొక్కిన రోజు తొంభై కొట్టింది తెలుసా? ఓలమ్మ, మాట కరుకే గానీ దీనికి నా మీద ఇంకా పేణం ఉందన్నమాట అనుకున్నాను. అందుకే మజ్జిగ ఇచ్చాను. నేకపోతే నీకు నీళ్ళు కూడా ఇవ్వను."

నాకు సిగ్గేసింది. నా గుండె అంతలా అదిరిందా? నాకు తెలియనే లేదు. నేను మాత్రం ఊరుకుంటానా, "నీదీ అంతేలే, నా పక్కన కూర్చోగానే కుదుటపడింది" అన్నాను. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని అటు చూసింది.

నమోదు 5. జల్లు

డాక్టరమ్మ మెహరున్నీసా వారానికోసారి పడవలో వస్తుంది. కొండ మీది ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. చూడ్డానికి చిన్నపిల్లలా ఉంటుంది గానీ మాట కచ్చితం. పైడమ్మని లాక్కెళ్ళి ఆవిడ ముందు కూర్చోబెట్టాను.

తన యంత్రం పెట్టి చూసింది. అంతా బాగానే ఉందంది. అప్పుడు నా కడియంలో దాచిన గీతలు చూపించాను. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది మంచిది కాదమ్మా. గుండె పై గదులు సరిగా కొట్టుకోకుండా వణుకుతున్నాయి. వచ్చి పోయే రకం, అందుకే నేను చూసే వేళకి దొరకడం లేదు. ఆ వణుకులో రక్తం లోపల గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం."

"మందు ఇచ్చేయండి మరి," అన్నాను.

"నా యంత్రం మీద చూడకుండా ఇవ్వను. రక్తం పలచన చేసే మందు అది, ఊరికే వాడేది కాదు. వచ్చే వారం ఆసుపత్రికి తీసుకురండి. పగలంతా తీగలు పెట్టి చూస్తాను."

పైడమ్మ ఏమీ పట్టనట్టు కూర్చుంది. "నాకేటీ అవలేదే, దీనికే ఆత్రం" అంది.

ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఆ కుడిచెయ్యి పడిపోతే? ఇడ్లీ పిండి చేత్తోనే కలుపుతుంది, గరిటె ముట్టదు. ఆ చెయ్యి ఒళ్ళో పడి ఉంటే నేను చూడగలనా? అసలు మనిషే పోతే? పైడమ్మ పోతే నేనెవరితో మాట్లాడకుండా ఉండాలి? నాలుగేళ్ళు మాట్లాడకపోయినా రోజూ లేవగానే ఎదురు హోటల్లో దీపం వెలిగిందా లేదా అని చూసేదాన్ని. వెలిగాకే నా పొయ్యి వెలిగించేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

నమోదు 6. పగలంతా ఒడ్డు మీద, సముద్రం చూడలేదు

ఇవాళ్టిది చెప్పాలంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అయినా చెబుతాను, రాసుకో.

పైడమ్మని మంచం మీద పడుకోబెట్టి ఒళ్ళంతా తీగలు అంటించారు. ఎదురుగా తెర. నేను కింద చీటీ తీసుకుని మూడంతస్తులు మెట్లెక్కి వచ్చాను. ఒడ్డు మీద కూడా మెట్లు ఎత్తు పెంచేశారు! గదిలో అడుగు పెట్టేసరికి కడియం తడబడింది. ఎరుపు. నూట యాభై. దరువు చిందరవందర.

"అమ్మో, డాక్టరమ్మా! పోతోంది! పైడమ్మ పోతోంది!" అని కేక పెట్టాను.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. తెర చూసింది. అక్కడ చక్కగా ఒకటే వరసలో చిన్న చిన్న గుట్టలు, అరవై నాలుగు. పైడమ్మ పడుకుని ద్రాక్షపళ్ళు తింటోంది. డాక్టరమ్మ నా కడియం చూసింది. మళ్ళీ తెర చూసింది. తర్వాత నా రెండో చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మాత్రం కడియం మీదే ఉంచింది.

"సూరీడమ్మగారూ, జతల రోజున ఈ కడియం మీకెవరు తొడిగారు?"

"నేనే తొడుక్కున్నాను."

"ఎవరి పళ్ళెంలోది?"

"నా పళ్ళెంలో..." అని ఆగిపోయాను.

నా పళ్ళెంలోది నా కడియం. నా బిళ్ళ మాట వినేది. దాన్ని పైడమ్మ చేతికి తొడగాలి. పంతం కొద్దీ నేనే తొడుక్కున్నాను. ఇన్నాళ్ళూ నేను కాపలా కాసింది నా గుండెనే.

నాకంటే ముందు పైడమ్మకి అర్థమైంది. ద్రాక్షపండు గొంతుకు అడ్డం పడేలా నవ్వింది. తెర మీద గుట్టలు కొండలైపోయాయి, నర్సు కంగారుగా వచ్చింది.

"ఓలమ్మో, ఓలమ్మో! రెండు నెలలు దీని గుండెకి నాసేత పత్తెం సేయించిందమ్మా! దీనికి ఆయాసమొస్తే నన్ను నడిపించింది! నా అప్పడాలు!"

డాక్టరమ్మ కూడా అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది. "బిళ్ళ నంబరు, కడియం నంబరు పోల్చి చూడాల్సింది నేను. ఈ ఊళ్ళో ఎవరూ ఇలా చేయరు కదా అనుకున్నాను," అంది. నిజమే, మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ ఇంత పొగరు లేదు.

తర్వాత ఆ తీగలు తీసి నాకు అంటించారు. ఆ గుట్టలు నా దగ్గరికి వచ్చేసరికి గుట్టల్లా లేవు, పిచ్చిగీతల్లా ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది. ఈ పూట నుంచే మాత్రలు. మాత్రలతో సరిపోదట, తొడలోని నరం గుండా సన్నటి తీగ గుండెలోకి పంపి, ఆ వణుకు పుట్టే చోట చిన్న చిన్న వాతలు పెట్టాలట. "వచ్చే వారం పడవకి వచ్చేయండి, ఆలస్యం వద్దు," అంది.

కడియాలు మార్చి, ఈసారి డాక్టరమ్మే స్వయంగా తొడిగింది. తిరుగు పడవలో నా చేతి మీద పైడమ్మ గుండె మొట్టమొదటిసారి కొట్టుకుంది. నింపాదిగా, హాయిగా. ఆవిడ అడిగింది:

"అయితే ఆరోజు తొంభై కొట్టుకున్నది నాదేనేటి?"

"మరెవరిది?"

"నీదనుకునే కదే నాను మాటాడింది!"

"నేను మాత్రం? నీదనుకునే కదా నీ పక్కన కూర్చున్నాను!"

తెప్పలు చేరేదాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నమోదు 7. అలలు ఒక మాదిరి

పడవ వచ్చింది, వెళ్ళింది. నేను వెళ్ళలేదు. పప్పు నానబెట్టేశాను, ఎలా వెళ్ళను?

నమోదు 8. అలలు ఒక మాదిరి

రెండో పడవ కూడా వెళ్ళిపోయింది. ఎవరికో సంజాయిషీ చెప్పాల్సిన పని నాకు లేదు. కానీ చిట్టా కాబట్టి చెబుతున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను. బాగానే ఉన్నాను. ఎప్పుడైనా కొంచెం దడ వస్తుంది, కూర్చుంటే పోతుంది. ఇంత మాత్రానికి గుండెలో వాతలు పెట్టించుకోవాలా? పెసరట్టుని నేను కాలుస్తాను, అది నా వృత్తి. నన్ను ఇంకొకరు కాల్చడం ఏమిటి?

సరే, భయం. అదీ రాసుకో. చచ్చేంత భయంగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, దీపాలు మొహం మీద వేసి, లోపలికి ఏదో పంపుతారట. పైడమ్మ గుండె అయితే నేనే దగ్గరుండి బల్ల ఎక్కించేదాన్ని. మాట్లాడనిచ్చేదాన్నే కాదు.

ఆ మాటే ఆవిడా అంటోంది. నేను ఆవిడకి చేసినవన్నీ వడ్డీతో తిరిగొస్తున్నాయి. చప్పటి కూర వస్తోంది. పూస పసుపైతే చాలు, వంతెన మీద ధనధనమని అడుగులు. పిండి డ్రమ్ము నా చేతిలోంచి లాక్కుంటోంది. నా హోటల్లో నా గిన్నెలు ఆవిడే సర్దుతోంది, అదీ తప్పు చోట్లలో. ఇవాళ ఇక ఆపుకోలేకపోయాను.

"నా గుండె నా ఇష్టం! నీకేటి మధ్యలో?" అన్నాను.

"నీ గుండె నీదేటే? నా సేతి మీదుంది," అంది.

నేను తలుపు వేసేశాను.

నమోదు 9. పడవ మీద, అలలు పెద్దవి

మూడో పడవ ఇవాళ పొద్దున్నే వచ్చి ఆగింది. మధ్యాహ్నం దాకా ఉంటుంది. పైడమ్మ నా చీరలు రెండు సంచీలో సర్ది నా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. నేను ఆ సంచీ తీసి లోపల పడేశాను. చూస్తే ఎదురుగా ఆవిడ హోటలు ముందు పీట వేసుకుని కూర్చుంది. కలపాల్సిన ఇడ్లీ పిండి ఒళ్ళో పెట్టుకుని, క్షణానికోసారి మణికట్టు చూసుకుంటోంది. నేను గారెల పప్పు రుబ్బుతుంటే చూస్తోంది, నీళ్ళు తాగితే చూస్తోంది, తుమ్మితే చూస్తోంది.

నాకు ఒళ్ళు మండింది. లోపలికెళ్ళి ఛాతీ మీది బిళ్ళ పీకేశాను. చేతికందిన ఎండుమిరపకాయల డబ్బాలో పడేసి మూత పెట్టాను. కాసేపు నా బతుకు నన్ను బతకనీ అనుకుని, పొయ్యి మీద మూకుడు పెట్టి గారెలు వేయడం మొదలుపెట్టాను. ఆవిడ కడియం చూసుకుంటుంది, ఏమీ కనపడదు, లేచి తన పని తాను చూసుకుంటుంది. నేను అనుకున్నది అంతవరకే. అంతకుమించి ఆలోచించలేదు, ఒట్టు.

మూడు గారెలు వేశానో లేదో, నా కడియం అదిరింది.

పైడమ్మ గుండె. ఎప్పుడూ నింపాదిగా కొట్టుకునేది ఒక్కసారిగా ఎగిరిపడింది. తొంభై, నూట పది, నూట నలభై. పూస పచ్చ నుంచి పసుపు కూడా చూడకుండా ఎరుపైంది. ఓలమ్మో, వదినకి ఏదో అయిపోయింది! పడిపోయిందా? నాది కాదు, ఇది నిజంగా ఆవిడదే, డాక్టరమ్మ చేత్తో తొడిగిన కడియం! చేతిలో గరిటె ఉందని కూడా తెలియలేదు. చెప్పులు లేకుండా వంతెన మీద పడి పరిగెత్తాను.

వంతెన మధ్యలో గుద్దుకున్నాం.

ఆవిడా పరిగెత్తుకొస్తోంది. జుట్టు ముడి ఊడిపోయింది, మోచేతుల దాకా ఇడ్లీ పిండి. నన్ను చూసి ఆగలేదు, గబుక్కున నా మొహం రెండు చేతులతో పట్టుకుంది, చెంపలు, మెడ, భుజాలు తడిమింది. జనం చూస్తున్నారని లేదు, నా గుండె మీద చెవి ఆనించింది. అలా ఆనించి ఉండిపోయింది. తర్వాత తలెత్తి నన్ను ఫెడీల్మని ఒక్కటి కొట్టింది.

కొట్టి, పలకల మీద చతికిలబడిపోయింది.

"ఆగిపోనాదే," అంది. "సేతి మీద ఆగిపోనాదే. కొట్టుకుంటా కొట్టుకుంటా ఆగిపోనాది. సూస్తన్నాను, నాను సూస్తా ఉన్నానే..."

చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. పైడమ్మ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళాయన్ని సముద్రం తీసుకెళ్ళిపోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకి ఆవిడే కాఫీలు కలిపి ఇచ్చింది.

నేను పక్కన కూర్చున్నాను. "బతికే ఉన్నాను కదే వదినా, ఇదిగో, ఎదురుగా ఉన్నాను కదే," అంటున్నాను. తల ఊపుతోంది. కానీ నా చేతి మీద ఆవిడ గుండె వినడం లేదు. నూట నలభై దగ్గరే కొట్టుకుంటోంది. నేను కళ్ళ ముందున్నా, చెయ్యి పట్టుకున్నా తగ్గదే! ఇంత భయం ఈ మనిషి ఎక్కడ దాచుకుందో. నేను లేకపోతే ఆవిడకి ఎలా ఉంటుందో నా మణికట్టు మీద కొట్టి కొట్టి చెబుతోంది. నేను చేసిన పని ఎంత పాపిష్టిదో అప్పుడు తెలిసింది. నా బల్ల, నా దీపాలు, నా తీగ, నా భయం, అంతా దాని ముందు దూదిపింజ.

"వదినా, పడవ ఉందా, ఎళ్ళిపోయిందా?" అన్నాను.

పడవ వైపు వేలు చూపించింది. ఉంది.

"అయితే లే మరి. బేగి లే."

గరిటె అక్కడే చేరిన జనంలో ఎవరి చేతిలోనో పెట్టి, పొయ్యి కట్టేయమన్నాను. మూకుట్లో గారెలు ఎవరు తిన్నారో తెలియదు. ఇంట్లోకెళ్ళి సంచీ అందుకుని, డబ్బాలోంచి బిళ్ళ తీసి ఉన్నపళంగా ఛాతీ మీద అంటించేసుకున్నాను. తుడవాలని తోచలేదు.

ఇప్పుడు పడవ మధ్యదాకా వచ్చింది. పెద్ద అలలే, పడవ ఊగుతోంది. భయం పోయిందని అబద్ధం చెప్పను. పైడమ్మ చేతులకి పిండి ఎండిపోయి తెల్లగా అట్టకట్టింది. ఆ చేత్తో నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. రెండు కడియాలూ ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. బిళ్ళకి అంటిన మిరపకారానికి నా ఛాతీ భగభగలాడుతోంది.

"మండిపోతోందే వదినా," అన్నాను.

"మండనీ," అంది పైడమ్మ, తన మణికట్టు మీంచి కళ్ళు తిప్పకుండా. "మండితే బతికున్నట్టే."